అల్ వుకైర్‌లో మా ఎకరం

ఖతార్‌లో పంతొమ్మిదేళ్లు ఒకే ఇంట్లో కారు నడిపాను. హౌస్ డ్రైవర్ పనికి బయలుదేరే మా వైపు పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, అక్కడ ఏం వచ్చి ఉండాలని అడుగుతుంటారు. డ్రైవింగ్ వస్తే చాలంటాను. ఇంకొకటి కూడా చెప్పాలి కానీ ఫోన్‌లో చెప్పడానికి పొడుగు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఎవరైనా మీకొక కొలత చెబితే, అది ఏ తాడుతో కొలిచిందో అడగండి. నేను అడగలేదు. దానివల్ల ఒక పెద్దాయన కొత్త మోకాలితో రెండు నెలలు అవస్థ పడ్డారు. ఆయన ఇప్పుడు లేరు. ఉన్నప్పుడే రాసి, హిందీలో చదివి వినిపించి ఉంటే బాగుండేది. నవ్వేవారు, తర్వాత తిట్టేవారు.

మా ఇల్లు అల్ వుకైర్‌లో ఒక వీధి చివర ఉండేది. మా ఇల్లు అంటున్నాను, అలవాటు. యజమానురాలు మేడం. బడిలో పెద్ద ఉద్యోగం. ఆమె తండ్రి మాతోనే ఉండేవారు. అందరం ఆయన్ని బాబా అనేవాళ్లం. వయసులో బొంబాయి వెళ్లి వచ్చిన మనిషి కాబట్టి హిందీ బాగానే వచ్చు. నాకు అరబిక్ కొంచెం వచ్చు. మా మాటలు సగం అదీ సగం ఇదీగా సాగేవి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మూడో మనిషి తోటమాలి. గోదావరి జిల్లా. నాకంటే ఐదారేళ్లు చిన్న. ఆ ఇంట్లో నాలుగు ఖర్జూరపు చెట్లు, ఒక నిమ్మచెట్టు, పూలకుండీలు ఉండేవి. వాటికి నీళ్లు పెట్టాక అతనికి రోజంతా మాట్లాడటమే పని. నాకు కారులో కూర్చుని పుస్తకం చదువుకోవడం పని. డ్రైవరు ఉద్యోగంలో నడపడం తక్కువ, ఎదురుచూడటం ఎక్కువ. చదివే అలవాటు ఉన్నవాడికి అంతకంటే మంచి ఉద్యోగం లేదు.

ఆ యేడు ఎండాకాలం చివర బాబాకు మోకాలి ఆపరేషన్ చేశారు. డాక్టరు రోజూ నడవమన్నాడు. బాబా నడవనన్నారు. అప్పుడు మేడం ఒక షరతు పెట్టింది. బాబా, ఆయన స్నేహితులు ప్రతి చలికాలం ఎడారిలో గుడారాలు వేసుకుని ఉండేవారు. బాబాకు ఏడాదిలో మిగతా నెలలన్నీ ఆ రోజుల కోసమే. మేడం ఇలా అంది:

“ఎక్కడా కూర్చోకుండా అర కిలోమీటరు నడవగలరని డాక్టరు కాగితం మీద రాసిస్తే గుడారానికి వెళ్లండి. లేకపోతే ఈ ఏడాది గుడారం మాఫీ, లేనట్టే.”

ఆమె మాట అంటే మాటే. పరీక్షకు రెండు నెలల గడువు. బాబా మర్నాటి నుంచే ఇంటి ముందు వాకిట్లో కార్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. మూడో రోజుకు చేతికర్ర నేలకేసి కొట్టారు.

“కారు చుట్టూ తిరగడానికి నేను గానుగెద్దునా? ఎక్కడికి వెళ్తున్నానో తెలియకుండా ఎలా నడుస్తారు మనుషులు?”

ఆయన అరుగు మీద కూర్చుంటే నేను నీళ్లిచ్చాను. ఊరికే అడిగినట్టు అడిగారు, మీ ఊళ్లో నీకు భూమి ఎంత ఉందని. ఎకరం అన్నాను. ఎకరం అంటే ఎంత అన్నారు. నాలుగు వేల నలభై ఏడు చదరపు మీటర్లు అన్నాను.

“మీటర్లు ఇంజనీర్లవి. నాకు అర్థమయ్యేలా చెప్పు.”

ఆయన బొటనవేలి కొసనుంచి చిటికెనవేలి కొసదాకా చేయి చాచి చూపించి, ఇది షిబర్ అన్నారు. నేను నవ్వి, మా దగ్గర దాన్ని జాన అంటారన్నాను. మోచేతి నుంచి వేళ్ల చివరదాకా చూపించారు. మూర అన్నాను. రెండు చేతులూ బార్లా చాపి, ఇది బా అన్నారు. ఆయన తండ్రి ముత్యాల పడవల్లో సముద్రంలోకి తాడు వదిలినవాడట. లోతు ఈ కొలతతోనే చూసేవారట.

నీళ్లు పెడుతున్న తోటమాలి గొట్టం పడేసి వచ్చాడు.

“బారండి! అది బారండి అన్నయ్యా! ఈయనకి మన కొలతలన్నీ ఎలా తెలుసండి?”

ముగ్గురం అరుగు మీద చేతులు చాపి కాసేపు ఒకరితో ఒకరం పోల్చుకున్నాం. ఎదురింటి ఫిలిప్పీన్స్ ఆయా మమ్మల్ని చూసి పిల్లల్ని లోపలికి తీసుకుపోయింది.

బాబా అప్పుడు నన్నొక లెక్క అడిగారు. నా పొలం మొత్తం షిబర్లలో ఎంత? నేను ఫోన్ తీసి చేశాను. జాన అంటే తొమ్మిది అంగుళాలు. ఎకరమంటే డెబ్బై ఏడు వేల నాలుగు వందల నలభై చదరపు జానలు. బాబాకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశారు.

“అంత భూమి పెట్టుకుని నా కారెందుకు నడుపుతున్నావు?”

ఆ సాయంత్రానికి ఆయనకొక ఆలోచన వచ్చింది. మా ఇంటి పక్కన పెద్ద ఖాళీ స్థలం ఉంది. ఆయన తమ్ముడిదే, ఇంకా ఏమీ కట్టలేదు. ఉత్త ఇసుక, రాళ్లు.

“నీ పొలం ఇక్కడ గీయి. నేను దాని గట్టు మీద నడుస్తాను. అప్పుడు ఎక్కడికి వెళ్తున్నానో తెలుస్తుంది.”

ఊళ్లో మా తమ్ముడికి ఫోన్ చేశాను. పొలం వాడే చేస్తున్నాడు. మా దగ్గర పొలాలను సర్వే గొలుసుతో కొలుస్తారు.

“మన పొలం నిడివి, అడ్డం ఎన్ని గొలుసులున్నయో చెప్పురా.”

వాడికి వెంటనే అనుమానం వచ్చింది.

“గొలుసులెందుకే అన్నా? ఎవలకన్న బేరం పెట్టినవా?”

“బేరం లేదు, పాడు లేదు. మా బాబా నడువనీకి.”

“మన పొలంల ఆయనెందుకు నడుస్తడే? దుబాయ్‌ల రోడ్లు లెవ్వా?”

మా వాళ్లకు గల్ఫ్ మొత్తం దుబాయే. ఖతార్ వేరని పంతొమ్మిదేళ్లు చెప్పి మానుకున్నాను. చివరికి అనుమానంగానే చెప్పాడు. నిడివి ఎనిమిది గొలుసులు, అడ్డం ఐదు గొలుసులు. ఐదెనిమిదులు నలభై. నలభై గుంటలు, ఎకరం. చిన్నప్పుడు మా నాయన నోట విన్న లెక్కే. ఏమీ తేడా లేదు.

నేను కాగితం మీద పొలం గీశాను. నాలుగు మూలలకూ పేర్లు రాశాను. మొదటి మూల నీళ్ల మోటారు. అక్కణ్ణుంచి నిడివి వెంట పోతే తాటిచెట్టు. అక్కణ్ణుంచి అడ్డం వెంట హద్దురాయి. మళ్లీ నిడివి వెంట కాలువ తూము. తూము నుంచి మళ్లీ మోటారు. చుట్టు మొత్తం ఇరవై ఆరు గొలుసులు, ఎనిమిది వందల యాభై ఎనిమిది అడుగులు, రెండు వందల అరవై ఒక్క మీటర్లు. రెండు చుట్లు తిరిగితే అర కిలోమీటరు దాటుతుంది. మేడం షరతుకు సరిగ్గా సరిపోయింది. ఆ కాగితం చూసి నాకే ముచ్చటేసింది. మీటర్లకు పక్కన దశాంశం కూడా వేశాను.

గొలుసు లేదు కాబట్టి దాని పొడవుకు ఒక తాడు కావాలి. తోటమాలి ఆ పని తనదన్నాడు.

“సర్వేయరు గారి వెనకాల ఆరేళ్లు గొలుసు మోసినోణ్ణండి నేను. నాకా చెప్పేది మీరు?”

సరే అన్నాను. అప్పుడే మేడం బడి నుంచి ఫోన్ చేసింది. నేను కారు తీసుకుని వెళ్లాను. వచ్చేసరికి తాడు తయారైంది. తోటమాలి ఎన్ని బారలో చెప్పాడట, బాబా కుర్చీలో కూర్చుని తన చేతులతోనే కొలిచారట. పొలం కూడా పరిచేశారు. నాలుగు మూలలా సున్నం కొట్టిన రాళ్లు, మధ్యలో అక్కడక్కడా చిన్న రాళ్లు. నేను మోటారు మూలలో నిలబడి చూశాను.

మా పొలాన్ని నేను చూసి అప్పటికి మూడేళ్లయింది. సెలవుకు వెళ్లినా పది రోజులు చుట్టాల ఇళ్లలోనే గడిచిపోయేవి. ఇక్కడ పైరు లేదు, గట్టు లేదు, ఉత్త నేల. కాస్త పెద్దగా కనిపించింది. నాకు నా పొలం పెద్దగా కనిపించడంలో అనుమానించడానికి ఏమీ తోచలేదు. బాగానే కొలిచావు తమ్మీ అన్నాను.

మొదటి వారం బాబా ఒక్క బిగిన మోటారు నుంచి తాటిచెట్టు దాకా కూడా చేరలేకపోయారు. సగంలో తోటమాలి కుర్చీ వేసేవాడు, అలా కూర్చుంటూ లేస్తూ చుట్టు పూర్తి చేసేవారు. నేను పక్కన నడిచేవాణ్ణి. రోజూ సాయంత్రం ఎండ తగ్గాక మా ఊరేగింపు ఇదే: ముందు బాబా, పక్కన నేను, వెనక కుర్చీ మోస్తూ తోటమాలి.

నడుస్తూ ప్రశ్నలు అడిగేవారు. ఈ పక్క ఏం వేస్తారు? మక్క. ఆ పక్క? పసుపు. తాటిచెట్టుకు ఏం కాస్తుంది? ముంజలు అన్నాను. ఇంకేం వస్తుంది? తోటమాలి వెనకనుంచి దగ్గాడు. “ఉత్త చెట్టు బాబా” అన్నాను. ఆ రోజు నుంచి తాటిచెట్టు మూలలో ఆయన కుర్చీలో కొంచెంసేపు ఎక్కువ కూర్చునేవారు. “నీడ బాగుంది” అనేవారు. అక్కడ సున్నం కొట్టిన రాయి తప్ప ఏమీ లేదు.

హద్దురాయికీ కాలువకూ మధ్య గట్టు ఎవరిదన్నారు. ఆ పక్క పొలం మా పాలోడిదని చెప్పాను. అంటే మా చిన్నతాత కొడుకు, నాకు వరసకు చిన్నాయన. ప్రతి ఏడూ దున్నేటప్పుడు మా గట్టును ఒక జానెడు చెక్కి తన వైపు కలుపుకుంటాడు. మా తమ్ముడు అడిగితే వాన కొట్టుకుపోయిందంటాడు. ఇది చెప్పకుండా ఉండాల్సింది. బాబాకు ముఖం ఎర్రబడింది.

“మీ సొంత రక్తమా? షిబర్ షిబర్ చొప్పున తింటున్నాడా?”

అప్పటినుంచి ఆ గట్టు వెంట నడిచేటప్పుడల్లా కర్రతో ఒక్కో రాయినీ అవతలికి నెట్టేవారు. “హాదా మాల్ ఇంతా” అనేవారు. ఇది నీది అని. రోజుకు అర జానెడు. నెల తిరిగేసరికి మా పొలం ఆ వైపు రెండు బారలు జరిగింది. తోటమాలి ఆ రెండు మూల రాళ్లనూ దానికి సరిగ్గా జరిపి మళ్లీ సున్నం కొట్టాడు.

“బాబా నెగ్గేత్తన్నాడండి అన్నయ్యా! మీ చిన్నాయనకి ఫోన్ చేసి చెప్పండి.”

చెప్పనక్కరలేకపోయింది. నేను పొలం కొలతలు అడిగిన సంగతి మా తమ్ముడు ఒకరికి చెప్పాడు, ఆ ఒకరు ఊరికి చెప్పారు. ఎవరో దుబాయ్ షేకు మా పొలం కొనడానికి వస్తున్నాడని, ముందుగా హద్దులు కొలిపిస్తాడని పుకారు పుట్టింది. పాలోడు భయపడి ఒక రోజు తెల్లారేసరికి రెండు చాళ్లు వెనక్కి తగ్గి కొత్త గట్టు పోశాడు. తమ్ముడు ఫోన్ చేసి, “అన్నా, ఏం మంత్రమేసినవే?” అన్నాడు. బాబాకు చెబితే ఆశ్చర్యపోలేదు. తన కర్ర వైపు చూసుకున్నారు.

ఇదంతా బాగానే ఉంది కానీ నడక మాత్రం సాగలేదు. నెల గడిచాక కూర్చోకుండా హద్దురాయి దాకా వచ్చారు. ఏడు వారాలకు, ఎక్కడా కూర్చోకుండా, మొదటిసారి చుట్టు మొత్తం తిరిగి మోటారు చేరారు. తోటమాలి కుర్చీ ఎత్తి గాల్లో తిప్పాడు. నేను మాత్రం లెక్క వేసుకున్నాను. ఒక చుట్టు, రెండు వందల అరవై మీటర్లు. ఇంకా సగం కావాలి. గడువు పది రోజులు.

ఆ పది రోజులూ ఆయన ఒక చుట్టు దాటలేకపోయారు. మోటారు దగ్గరికి వచ్చి, రాయి మీద చేయి వేసి నిలబడి, రెండో చుట్టుకు పది అడుగులు వేసి ఆగిపోయేవారు. ఆయన ప్రయత్నంలో లోపం లేదు. చెమటతో ఆయన పొడుగు అంగీ, తోబు, వీపుకు అంటుకుపోయేది. ఇంత చిన్న ఎకరం చుట్టూ తిరగడానికి ఇంతసేపు పడుతుందేమిటని నాకొకసారి అనిపించింది. కొత్త మోకాలు కదా అనుకున్నాను. ప్రోత్సహిద్దామని ఒక మాట కూడా అన్నాను.

“మా నాయన డెబ్బై ఏళ్లప్పుడు ఈ చుట్టు రోజుకు నాలుగు సార్లు తిరిగేవాడు బాబా.”

ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను.

పరీక్ష ముందు రోజు సాయంత్రం ఒక చుట్టు అయ్యాక మోటారు రాయి మీద కూర్చుండిపోయారు.

“ఖలాస్, అయిపోయింది. నీ ఎకరం నన్ను ఓడించింది.”

తోటమాలిని పిలిచి, గుడారానికి కట్టిపెట్టిన తివాచీలు, గహ్వా కాఫీ పాత్రలు మళ్లీ లోపల పెట్టెయ్యమన్నారు. అతను మాట్లాడకుండా వెళ్లాడు. అతను మాట్లాడకపోవడం నేను అంతకుముందు చూడలేదు. మేడం నన్ను విడిగా అడిగింది, నిజం చెప్పు, ఎంత నడవగలరు అని. రెండు వందల అరవై మీటర్లు మేడం అన్నాను. ఆమె తలూపి, “రేపు ఆ మాట డాక్టరే చెప్పనీ. నేను చెబితే నా మీద కోపం ఉండిపోతుంది” అంది.

మర్నాడు ఆయన్నీ మేడంనీ కారులో తీసుకెళ్లాను. ఆసుపత్రిలో ఒక పొడుగాటి వరండా. రెండు చివర్లా రెండు నారింజ రంగు ప్లాస్టిక్ కోన్లు పెట్టారు. మధ్య దూరం పాతిక మీటర్లు. ఇరవై సార్లు తిరిగితే ఐదు వందలు. నడిపించే ఆమె కేరళ అమ్మాయి. చేతిలో లెక్కపెట్టే బటను. మేడం గోడ పక్క కుర్చీలో కూర్చుంది. నన్ను బాబా పక్కన నడవమన్నారు, పడితే పట్టుకోవడానికి.

నా లెక్క ప్రకారం పదకొండో సారి ఆయన ఆగిపోవాలి. తొమ్మిది అయింది. పది అయింది. నేను ఆయన మోచేతి దగ్గర చేయి పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను. పదకొండు. ఆయన కోన్ చుట్టూ తిరిగి నడుస్తూనే ఉన్నారు. కాస్త వంగి, కళ్లు నేల మీద పెట్టి.

“హద్దురాయి వచ్చింది” అన్నారు నెమ్మదిగా.

పన్నెండు దాటాక కర్రను ఒక పక్కకు జరిపి నేలను గీకసాగారు. పాలోడి గట్టు వెంట నడుస్తున్నారని నాకు అర్థమైంది. కేరళ అమ్మాయి, “ఏం చేస్తున్నారు?” అంది. “రాళ్లు జరుపుతున్నారు” అన్నాను. ఆమె మేడం వైపు చూసింది. మేడం పైకప్పు వైపు చూసింది.

పదహారు. పద్దెనిమిది. ఇరవై. అమ్మాయి బటను నొక్కి చప్పట్లు కొట్టింది.

“అయిపోయింది బాబా! ఐదు వందలు! ఆగొచ్చు!”

బాబా ఆగలేదు.

“అయిపోయింది బాబా” అన్నాను నేను కూడా. “రెండు చుట్లు అయ్యాయి.”

“రెండేమిటి? ఒకటే కాలేదు. మోటారు ఇంకా రాలేదు.”

ఇరవై ఒకటో సారి నడిచారు. కోన్ చుట్టూ తిరిగారు. ఇరవై రెండో దాంట్లో ఓ పది అడుగులు వేసి, వరండా మధ్యలో, ఏమీ లేని చోట ఆగి, చేయి చాపారు. చేతికి రాయి తగలకపోయేసరికి తూలబోయారు. నేను పట్టుకున్నాను.

“ఇదిగో మోటారు” అన్నారు.

డాక్టరు సంతకం పెట్టాడు. మేడం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, తండ్రి నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. తర్వాత నావైపు చూసి, “రెండు వందల అరవై అన్నావు” అంది.

ఇంటికి రాగానే, బాబా లోపలికి వెళ్లాక, నేను చేసిన పని చెబితే మీరు నవ్వుతారు. కారు తీసుకుని ఖాళీ స్థలంలోకి వెళ్లి, మోటారు రాయి దగ్గర మీటరు సున్నాకు తెచ్చి, పొలం చుట్టూ ఒకసారి నడిపాను. పాయింట్ ఐదు. అర కిలోమీటరు. అప్పటికి పదహారేళ్లుగా దూరం కొలిచే మీటరు ముందు కూర్చున్నవాణ్ణి. రెండు నెలల్లో ఒక్కసారి కూడా ఆ పని చేయాలని తోచలేదు.

తోటమాలిని పిలిచాను.

“తమ్మీ, గొలుసు ఎన్నడుగులు పెట్టినవ్?”

“అరవై ఆరండి. నూరు లింకులు. పదకొండు బారలు.”

“అరవై ఆరెక్కడిది? ముప్పై మూడు!”

“ముప్పై మూడేంటండి, సగం గొలుసా? ఆరేళ్లు మోసేనండి, నా భుజానికి తెలీదా?”

“గుంట అంటేనే ముప్పై మూడు ఇంటు ముప్పై మూడు. మా దగ్గర గొలుసు గంతే!”

“మాకు గుంటల్లేవండి, సెంట్లే. మా ఊళ్లో గుంటంటే గేదెలు పడుకునేదండి.”

ఇద్దరం ఆ ఎండలో చాలాసేపు అరుచుకున్నాం. అతనూ తప్పు చెప్పలేదు, నేనూ తప్పు చెప్పలేదు. మా వైపు గొలుసు ముప్పై మూడడుగులు, వాళ్ల వైపు గొలుసు అరవై ఆరు. తర్వాత నేను మళ్లీ ఫోన్ తీశాను. ప్రతి పక్కా రెట్టింపయింది కాబట్టి చుట్టు రెట్టింపు. విస్తీర్ణం మాత్రం నాలుగు రెట్లు. మేము పరిచింది ఎకరం కాదు, నాలుగెకరాలు. పాలోడి దగ్గర బాబా గెలుచుకున్నది దానికి అదనం.

తోటమాలి వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు.

“అంటే అన్నయ్యా, పెద్దాయన్ని కొత్త మోకాలితో రెట్టింపు నడిపించేమా?”

“నడిపించినం.”

“మేడంకి తెలిస్తే?”

మేము మేడంకు చెప్పలేదు. బాబాకు చెప్పకుండా ఉండలేకపోయాను. గుడారంలో మొదటి వారం, మిగతా పెద్దలు ఒంటెల్ని చూడటానికి వెళ్లినప్పుడు, ఆయన గహ్వా తాగుతున్నారు. పక్కన కూర్చున్నాను.

“బాబా, ఒక తప్పు జరిగింది. నా పొలం అంత లేదు. మీరు నడిచినదాంట్లో నాలుగో వంతే.”

ఆయన కప్పు కింద పెట్టారు.

“మిగతాది మీ చిన్నాయన తినేశాడా?”

కాదని, తాడు సంగతి చెప్పాను. గొలుసులు రెండు రకాలని, తోటమాలిది వేరని, నాది వేరని. ఆయన రెండు చేతులూ బార్లా చాపి, కుడి చేతి కొస, ఎడమ చేతి కొస చూసుకున్నారు.

“నా చేయి తప్పు కాదు కదా?”

“కాదు బాబా. మీ చేయి సరిగ్గా ఉంది. అంగుళం తేడా లేదు.”

“అయితే మీ నాన్న నాలుగు చుట్లు నాకు రెండు చుట్లు.”

“అవును బాబా.”

దానితో ఆయనకు చాలా నెమ్మది కలిగినట్టుంది. ఇంకో కప్పు పోయమన్నారు. సగం తాగాక, “రాళ్లు జరపకండి” అన్నారు. “ఊళ్లో ఎకరం ఉంటే ఉండనీ. ఇక్కడ నీకు నాలుగు.”

జరపలేదు. ఆయన ఇంకో రెండేళ్లు ఆ రాళ్ల వెంట నడిచారు. స్నేహితులు వస్తే తీసుకెళ్లి, ఇది మా డ్రైవరు పొలం, ఇది పసుపు, ఇది మక్క, అటువైపువాడు దొంగ అని చూపించేవారు. ఆ తర్వాతి రెండో చలికాలం గుడారం నుంచి వచ్చిన వారానికి పోయారు. మోకాలికి సంబంధం లేదు, గుండె. కబరస్తాన్‌కు కార్ల వరసలో మాది ముందు నడిపాను. తర్వాత ఆ ఇంట్లో ఇంకొక ఏడాది చేశాను. సాయంత్రాలు ఏమీ తోచేది కాదు. పుస్తకం తెరిచి అదే పేజీ చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆ స్థలంలో ఇల్లు కట్టడానికి తవ్వడం మొదలుపెట్టినప్పుడు తోటమాలి నాలుగు మూల రాళ్లూ తెచ్చి నిమ్మచెట్టు కింద పెట్టాడు. నేను వచ్చేశాను.

ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాను. డాక్టరు నన్ను కూడా నడవమన్నాడు. సాయంత్రం పొలానికి వెళ్తాను. మోటారు దగ్గర మొదలుపెట్టి తాటిచెట్టు, హద్దురాయి, తూము, మళ్లీ మోటారు. ఎంత తొందరగా అయిపోతుందో. ఊపిరి కూడా మారదు. మోటారు దగ్గరికి వచ్చేసరికి, బాబా లెక్కలో నేనింకా హద్దురాయి దగ్గరే ఉంటాను. అందుకని ఇంకో చుట్టు తిరుగుతాను.

నిన్న రెండో చుట్టు మొదలుపెట్టబోతుంటే తమ్ముడు గడ్డిమోపు దించి అడ్డం వచ్చాడు. వాడికి ఆ పాత అనుమానం ఇంకా పోలేదు.

“నిజం చెప్పన్నా, రోజు ఎవలకు గొలుస్తున్నవే? అమ్ముతలేవు గద?”

“అమ్ముడేందిరా. నడుస్తున్న.”

“ఒక్క చుట్టు తిరిగినవ్ గద. అయిపాయె. ఇగ ఇంటికి పోదాం పా.”

నేను మోటారు మీద చేయి వేసి నిలబడి ఉన్నాను.

“మోటారు ఇంకా రాలేదురా” అన్నాను.

వాడు నన్ను చూశాడు, మోటారును చూశాడు. గడ్డిమోపు మళ్లీ నెత్తికెత్తుకుని వెళ్లిపోయాడు.